గీకేసిన నంబర్లు

కట్టుడు పళ్ళు చేసుకునే మనిషికి దేవుడి బొమ్మల పిచ్చి ఎలా పట్టుకుందో అతని భార్యకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు. ఇతను వాటిని ముందు పెట్టుకుని మైనంలో పళ్ళు పేర్చి, చిగుళ్ళ రంగు కుదిర్చి, నున్నగా సానపట్టి తిరిగి పంపిస్తాడు. వీధిలో అందరికీ అతను పళ్ళాయన. కొత్తగా దిగినవాళ్ళు యాపిల్స్ ఉన్నాయా అని తలుపు తట్టిన రోజులూ ఉన్నాయి. అది వేరే సంగతి. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఈ పెద్దమనిషి ఇంట్లో ఉండడు. పాత సామాన్ల కొట్లు, వేలంపాటలు, రేవు దగ్గర ఓడవాళ్ళు నేలమీద పరిచే బజారు, అన్నీ తిరిగి తిరిగి సాయంత్రానికి చంకలో ఒక కాగితం పొట్లంతో వస్తాడు. ముప్ఫై ఏళ్ళలో అలా డెబ్భై మూడు పొట్లాలు వచ్చాయి.

ఏమేం ఉన్నాయనుకున్నారు! ముక్కు విరిగిన రాతి దేవత, బంగారు పూతంతా రాలిపోయి కళ్ళు మాత్రం మిగిలిన చెక్కపటం సన్యాసి, ఏ ఎడారి దేశానిదో మట్టి ప్రమిద, అరచేతిలో ఇమిడే కంచు బుద్ధుడు, ఒంటిరెక్క దేవదూత, ఎవరికీ చదవడం రాని అక్షరాలు చెక్కిన గంట. అన్నీ ముందుగదిలో గోడ పొడుగునా అరల్లో ఉంటాయి. ఆ గదిలో మనుషులు కూర్చోవడానికి మిగిలింది ఒక బల్ల, రెండు కుర్చీలు.

"ఇంతమంది దేవుళ్ళున్న ఇంట్లో ఒక్క సోఫాకి దిక్కులేదు" అంటుంది భార్య. "అడిగితే ఒక్కడూ పలకడు, మీలాగే."

ఎవరి పిచ్చి వాళ్ళకానందం అని వదిలేయొచ్చు. కానీ పళ్ళాయన పిచ్చికి ఒక నియమం ఉంది. కొన్న వస్తువు నేరుగా అరలోకి ఎక్కదు. ముందు పనిబల్ల మీదికి రావాలి. దాని ఒంటిమీద కొట్టువాళ్ళు అంటించిన చీటీ, వేలంవాళ్ళు రాసిన అంకె, ఎవరో వేసిన ముద్ర, ఏది ఉన్నా సరే, పోవాలి. "దేవుడికి ధర చీటీ ఏమిటి? ఖైదీకి వేసినట్టు నంబరేమిటి?" అని అతనికి ఒళ్ళు మండేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో నానబెట్టి, పళ్ళ గార గీకే సన్న కొక్కెంతో, భూతద్దం కంటికి బిగించుకుని, చెక్కకి గానీ రాతికి గానీ గీత పడకుండా గీకేవాడు. ఆ పనితనం చూసి తీరాలి. ఒక్కో అంకెకి రెండేసి ఆదివారాలు పట్టేవి. ఆఖరి చుక్క కూడా పోయాక వేలితో తడిమి చూసుకుని, అప్పుడు అరలో నిలబెట్టేవాడు.

ఇలా రోజులు గడుస్తుండగా కంట్లో పొర వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, చూపు సగమే తిరిగొచ్చింది. సన్నపని తగ్గించుకోమన్నాడు డాక్టరు. అప్పటిదాకా లేని ఆలోచన అప్పుడు పట్టుకుంది పళ్ళాయన్ని. తన తర్వాత వీటి గతేమిటి? పిల్లల్లేరు. బావమరిది ఉన్నాడు గానీ, అతను ఇంటికొస్తే ఆ కంచు బుద్ధుణ్ణి ముందు చేత్తో ఎత్తి బరువు చూస్తాడు, ఆ తర్వాతే మొహం చూస్తాడు. అతని చేతికిస్తే నెల తిరక్కుండా డెబ్భై మూడూ డెబ్భై మూడు కొట్లలో తేలతాయి. అలా చెల్లాచెదురు కాకుండా అన్నీ ఒకేచోట, ఒక గదిలో ఉండాలి. ఊళ్ళో మ్యూజియం ఉంది. ఊరికే ఇస్తానంటే కాదనేదెవరు? పళ్ళాయనకు ఇక వేరే కోరిక లేదు. పేరు పెట్టక్కర్లేదు, సన్మానం అక్కర్లేదు, ఒక గది ఇస్తే చాలు.

ఊరికే ఇవ్వడం ఎంత కష్టమో అతనికి అప్పుడే తెలిసొచ్చింది. మొదటిసారి వెళితే ఆ పని చూసే ఆఫీసరమ్మ సెలవు. రెండోసారి వెళితే ఫారం ఒక్కటి చాలదు, మూడు కాపీలు కావాలన్నారు. వస్తువుకి ఒక పేజీ చొప్పున మూడు కాపీలు, భూతద్దం పెట్టుకుని మూడు వారాలు రాశాడు. మూడోసారి వెళ్ళేసరికి ఆఫీసరమ్మ దొరికింది. నలభై ఏళ్ళ మనిషి, మర్యాదగానే కూర్చోబెట్టింది. పేజీలు తిప్పి తిప్పి ఆగింది.

"సార్, 'ఎక్కడిది' అన్న గడిలో అన్నిటికీ 'పాత సామాన్ల కొట్టు' అని రాశారు."

"అక్కడే కొన్నాను కదండీ."

"కొట్టుకి ఎక్కణ్ణుంచి వచ్చిందని సార్ అడిగేది. ఏ ఊరిది, ఏ గుడిది, ఎవరి చేతులు మారింది. రసీదు లేకపోయినా పర్లేదు. అడుగున ఏదో ఒక చీటీ, నంబరు, ముద్ర ఉంటుంది. వాటిని పట్టుకుని మేం వెతుక్కుంటాం."

పళ్ళాయన బల్లమీది పేజీలు తనవైపు లాక్కున్నాడు. "ఉండేవండీ."

"ఉండేవంటే?"

"తీసేశాను."

"ఎన్నిటికి సార్?"

"అన్నిటికీ."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా, "వాటి చిరునామాలన్నీ మీ చేత్తో మీరే తీసేశారన్నమాట" అంది.

పళ్ళాయనకు తిక్క రేగింది. ముప్ఫై ఏళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాడు, ఒక్కదానికి గీత పడనివ్వలేదు, ఇవాళ ఈవిడొచ్చి తప్పు పడుతుందా? ఇంటికెళ్ళేదాకా గొణుగుతూనే ఉన్నాడు. ఇంట్లో జరిగింది చెబితే భార్య తల కొట్టుకుంది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆదివారాలన్నీ కూర్చుని మీరు చేసిన నిర్వాకం ఇదా?"

ఋజువే కదా కావలసింది, కొన్నచోట్ల అడిగితే పోలా అనుకున్నాడు. మర్నాడే బయల్దేరాడు. మొదటి కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రెండో కొట్టాయన పోయాడు. కొడుకు, "నాన్న పుస్తకాలన్నీ తూకానికి వేసేశామండీ, చెదలు" అన్నాడు. మూడో కొట్టాయన బతికే ఉన్నాడు. పళ్ళాయన్ని గుర్తుపట్టి నవ్వాడు. ఆ పళ్ళు పళ్ళాయన చేసినవే.

"ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇప్పుడడుగుతారేంటండీ? అప్పుడు మీరడగలేదు, మేం చెప్పలేదు. అడిగే మనిషైతే మీకు అమ్మేవాళ్ళమే కాదు."

ఆ మాట పళ్ళాయనకు చెంపదెబ్బలా తగిలింది. నిజమే, ఒక్కసారి కూడా అడగలేదు. ఎంత పాతది అని అడిగాడు, ఏ చెక్క అని అడిగాడు. ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అని మాత్రం నోరు తెరిచి అడగలేదు. బస్సు కూడా ఎక్కకుండా ఇంటిదాకా విసురుగా నడిచొచ్చాడు.

ఆఫీసరమ్మ మాత్రం వదిలేయలేదు. ఒకసారి కళ్ళారా చూస్తానని ఇంటికే వచ్చింది. రెండు మధ్యాహ్నాలు ఒక్కో వస్తువునీ తిప్పి, టార్చి వేసి, అడుగులు తడిమి చూసింది. ప్రతిసారీ అదే. నున్నగా, అద్దంలా. "ఎంత బాగా గీకారు సార్" అంది ఒకచోట. మెచ్చుకోలో ఎత్తిపొడుపో పళ్ళాయనకు తెలియలేదు. రెండో రోజు సాయంత్రం ఆవిడ చేతికి ఒక చెక్క బొమ్మ వచ్చింది. జానెడు పొడవు, దీపం పట్టుకుని నిలబడిన స్త్రీ. అడుగున ఎవరో రేకు వేసి మేకులు కొట్టారు.

"ఈ రేకు తీయలేదే?"

"మేకులు పీకితే చెక్క చీలుతుందని భయమేసిందండీ. పదిసార్లు అనుకున్నాను, మనసొప్పలేదు."

"ఇప్పుడు తీయగలరా?"

పళ్ళాయన తన సన్న పట్టకారు తెచ్చాడు. ఒక కన్ను మసక. నాలుగు మేకులు పీకడానికి ముప్పావు గంట పట్టింది. చెక్క చీలలేదు. రేకు కింద ఎర్రరంగుతో నలభై ఒకటి అని అంకె, పక్కన చిన్న ముద్ర. పళ్ళాయన చిన్నపిల్లాడిలా కేకేశాడు. "ఏమే, ఇలా రా! డెబ్భై మూడు మందిలో ఒక్కత్తి పాసైంది!"

ఆఫీసరమ్మ కూడా నవ్వింది. "దీన్ని పట్టుకుని రాసి చూస్తాను సార్. ఒక్కదాని దారి దొరికితే, అదే కొట్లో కొన్న మిగతావాటి దారి దొరకొచ్చు. అప్పుడు గది సంగతి కమిటీలో నేనే మాట్లాడతాను."

రెండు నెలలు. వారానికోసారి వెళ్ళి అడగడం, రాలేదనిపించుకుని తిరిగి రావడం. గేటు దగ్గరి వాచ్‌మన్ ఇతన్ని చూడగానే, దగ్గరికి రాకముందే తల అడ్డంగా ఊపేవాడు. చివరికి ఉత్తరం వచ్చింది. ఆ ముద్ర దేశానికి ఆ చివర కొండల్లో ఉన్న ఒక ప్రార్థన మందిరానిది. ద్వారానికి అటొకటి ఇటొకటి, నలభై ఒకటి, నలభై రెండు నంబర్లతో రెండు దీపపు స్త్రీల బొమ్మలు ఉండేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట రెండూ దొంగతనానికి గురయ్యాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదీ. పాసైన ఒక్కటీ దొంగసొత్తని తేలింది. భార్య పోలీసులొస్తారని హడలిపోయింది. మీ అంతట మీరే చూపించారు కాబట్టి తిరిగిచ్చేస్తే చాలు, కేసుండదు అని ఆఫీసరమ్మ ధైర్యం చెప్పింది. పళ్ళాయన ఆ మాటే వినలేదు. ఉత్తరం రెండోసారి చదివి కుర్చీలోంచి లేచాడు.

"మేడం, రెండోది కూడా నా దగ్గరే ఉంది! అదే కొట్లో, నాలుగేళ్ళ తర్వాత కొన్నాను. దీపం ఎడమచేతిలో ఉంటుంది. జంట కుదిరిందని ఎంత సంబరపడ్డానో! రెండూ తీసుకెళ్ళమనండి."

"దాని అడుగున నంబరుందా సార్?"

పళ్ళాయన కూర్చుండిపోయాడు.

మందిరం తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్భై అయిదు దాటిన మనిషి. రెండు రైళ్ళు మారి, నేరుగా పళ్ళాయన ఇంటికే వచ్చాడు. ఆఫీసరమ్మ కాగితాలతో ముందే వచ్చి కూర్చుంది. పళ్ళాయన రెండు బొమ్మల్నీ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చిన్నప్పట్నుంచీ వీళ్ళ దీపాలు నేనే వెలిగించేవాణ్ణి బాబూ. ఇప్పటికీ ఆ రెండు గూళ్ళూ రోజూ తుడుస్తున్నాను, ఖాళీవే. రెండూ దొరుకుతాయని కల్లో కూడా అనుకోలేదు."

ఆఫీసరమ్మ ఇబ్బందిగా కదిలింది. "పెద్దాయనా, ఇవాళ నేను ఇప్పించగలిగేది నలభై ఒకటి ఒక్కదాన్నే. మీ పాత రిజిస్టర్లో నంబరు తప్ప ఫొటో లేదు, కొలతల్లేవు. రెండోదాని మీద నంబరు లేదు. నిపుణులు చూడాలి, విచారణ జరగాలి. తేలేదాకా అది ఇక్కణ్ణుంచి కదలకూడదు."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"ఏళ్ళు పట్టొచ్చు."

"మేడం, ఇది వాళ్ళదే!" పళ్ళాయన రెండో బొమ్మను పెద్దాయన వైపు జరిపాడు. "నేనే చెబుతున్నాను కదా! నా కళ్ళతో చూశాను, ఎర్రరంగు అంకె ఉండేది. నలభై రెండే. కావాలంటే సంతకం పెడతాను."

"ఉత్తరం చదివాక చెబితే చెల్లదు సార్. ఉత్తరం రాకముందు మీకా అంకె గుర్తుందా?"

గుర్తులేదు. రంగు గుర్తుంది, ఎన్ని ఆదివారాలు పట్టిందో గుర్తుంది. అంకె మాత్రం అతను చదవనేలేదు, పోగొట్టడానికే చూశాడు.

"మిగతావాటి సంగతి కూడా ఇంతే సార్" అంది ఆఫీసరమ్మ. ఆమె గొంతులో విసుగు లేదు, బాధే ఉంది. "ఎవరివో తెలియని వస్తువుల్ని మా గదిలో పెట్టుకోలేం. ఇలాంటి పెద్దాయన వాటిలో ఎన్నిటికున్నాడో మనకు తెలియదు. కమిటీ కుదరదని రాసేసింది."

ఆ గది కోసమే పళ్ళాయన ఏడాదిగా చెప్పులరిగేలా తిరిగాడు. ఇప్పుడు అది పోయిందన్నా అతనికి ఎక్కలేదు. అతను గోడవైపు చూస్తున్నాడు. మిగతా డెబ్భై ఒకటీ అక్కడే ఉన్నాయి. వాటిలో ఏది కొన్నదో, ఏది ఎవరి గూట్లోంచి ఊడబెరికిందో తెలుసుకునే దారి లేదు. దారి లేకుండా చేసింది ఎవరో అతనికి తెలుసు.

పెద్దాయన రెండో బొమ్మను చేతిలోకి తీసుకుని తలకిందులు చేశాడు. నున్నటి అడుగుని బొటనవేలితో రుద్దాడు.

"దొంగవెధవలు, ఎంత తెలివైనవాళ్ళో చూశారా బాబూ! దొరక్కూడదని నంబరు ఆనవాలే లేకుండా చేశారు. వాళ్ళ చేతులు పడిపోను!"

ఆఫీసరమ్మ కాగితాల్లోకి తలదించుకుంది. వంటగది గుమ్మంలో భార్య భర్త మొహం చూసి, ఊరుకోమన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఎవరూ చెప్పరు. ఊరుకుంటే సరిపోతుంది.

"దొంగలు కాదండీ" అన్నాడు పళ్ళాయన. "నేనే గీకేశాను."

పెద్దాయనకు అర్థం కాలేదు. బొమ్మకేసి చూశాడు, పళ్ళాయన చేతులకేసి చూశాడు. కోపం లేదు, నిజంగా తెలియకే అడిగాడు.

"ఎందుకు బాబూ?"

"శుభ్రంగా ఉంటుందని."

పెద్దాయన భుజం మీది కండువా తీశాడు. కుడిచేతిలో దీపమున్న బొమ్మను కండువాలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఎడమచేతిలో దీపమున్న బొమ్మను బల్లమీద నిలబెట్టి, దాని ముందు కాసేపు నిలబడి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.