ఆదివారం పూట మా ఇంటి నెట్టు

వైర్‌లెస్ పెట్టె మా ఇంటికి వచ్చిన రోజున నాన్నమ్మ పాస్టరుగారిని పిలిపించి దానికి ప్రార్థన చేయించింది. ఫ్రిజ్జు కొన్నా, కుట్టుమిషను కొన్నా, నాన్నగారు స్కూటరు కొన్నా మా ఇంట్లో ముందు ప్రార్థన, తర్వాతే స్విచ్చి. పాస్టరుగారు ఆ పెట్టెకున్న కొమ్ముని కాసేపు అనుమానంగా చూసి, ఇది ఏం చేస్తుందమ్మా అని నన్నడిగారు. గాలిలోంచి మాటలు మోసుకొస్తుందండి అన్నాను. ఆయన సంతోషించి ప్రార్థన బాగా పొడిగించారు.

అప్పుడు మేం ఏలూరులో ఉండేవాళ్ళం. నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి వెళ్ళడం, పిల్లలకి పాఠం చెప్పడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. నేను చెప్పే పాఠం కంప్యూటర్ నెట్‌వర్కులు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఆ పెట్టె కొన్నదే ఒక సంబంధం కోసం. అబ్బాయిది తాడేపల్లిగూడెమే, ఉద్యోగం పూనాలో. సెలవు దొరక్క ఒక్కపూట కోసం వచ్చి నన్ను చూసి వెళ్ళాడు. మా హాల్లో పెద్దవాళ్ళంతా ఏ సంఘంలో ఎవరు ఎవరికి బంధువులో తేల్చుకుంటూంటే, అతను టీ తాగబోయి చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఎవరూ చూడలేదనుకుని చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను చూశాను. నేను చూడటం అతనూ చూశాడు. ఇద్దరం తలలు దించుకుని నవ్వు ఆపుకోలేక నానా తిప్పలూ పడ్డాం. అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలి అనిపించింది. పైకి మాత్రం "మీ ఇష్టం నాన్నగారూ" అన్నాను, గంగిగోవులా.

అబ్బాయి మాత్రం, అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడి గానీ చెప్పను అన్నాడట. అక్కడ నాన్నమ్మ అడ్డం పడింది.

"సెల్లుఫోను వద్దంటే వద్దు. చెవిలో పెట్టుకుని గుసగుసలాడితే ఏం మాట్లాడుకుంటున్నారో ఎవరికి తెలుస్తుందే? ఆ కంప్యూటర్లో అయితే మొహం కనిపిస్తుంది, మాట బయటికొస్తుంది. తలుపు తీసుంచి మాట్లాడుకోమను."

అలా మా ముచ్చట్లకి ముహూర్తం ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. చోటు మధ్యగది, తలుపులు బార్లా. వైర్‌లెస్ పెట్టె హాల్లో ఫోను పక్కన ఉండేది. హాలుకీ మధ్యగదికీ నడుమ చల్లగా ఒక నడవ. హాల్లోనే కూర్చుంటానంటే కుదరదు, ఆదివారం మా హాలు రైల్వేస్టేషను.

ఎందుకంటే ఆదివారం మా పెదనాన్నగారు వస్తారు. నాన్నగారి అన్నయ్య. మండవల్లి అవతల కొల్లేటి అంచున ఆయనకి చేపల చెరువులు ఉండేవి. ప్రతి ఆదివారం గుడికి వచ్చేటప్పుడు ఏలూరులో ఉన్న చుట్టాలందరికీ కొర్రమేనులు తెచ్చేవారు. ప్రాణంతో ఉన్నవి. ప్రాణం లేని కొర్రమేను పెదనాన్నగారి దృష్టిలో చేపే కాదు. ఆరాధన అయ్యాక చుట్టాలు సాయంత్రం దాకా ఒక్కొక్కరే వచ్చి, కబుర్లు చెప్పి, ఎవరి చేప వాళ్ళు పట్టుకుపోయేవారు. అందాకా చేపలు బతికుండాలి. అందుకని పెళ్ళిళ్ళలో నీళ్ళు కాచే ఇత్తడి గంగాళం ఒకటి నడవలో ఎత్తుపీట మీద పెట్టి, నిండా నీళ్ళు పోసి వాటిని అందులో వదిలేవారు. ఎత్తుపీట పిల్లికోసం. పైన పెద్ద సత్తు మూత, మూత మీద రుబ్బురోలు పొత్రం. అది కొర్రమేను కోసం, దానికి ఎగరడం ఒక సరదా.

మొదటి ఆదివారం నేను చీర మార్చుకుని, పౌడరు రాసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తెర మీద అతను వచ్చాడు. నా గుండె చప్పుడు అతనికి వినిపిస్తుందేమోనని మైకు కొంచెం పక్కకి తిప్పాను.

"భోంచేశారా అండి?"

"చేశానండి. మీరు చేశారా అండి?"

"చేశానండి. ఏం కూరండి?"

"పులుసండి."

నడవలో నాన్నమ్మ జపమాల లేకుండానే జపం చేస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతోంది. అతను గొంతు సవరించుకుని, "మిమ్మల్ని ఒక మాట అడగాలండి" అన్నాడు. అడగండి అన్నాను. నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కనెక్షన్ పోయింది.

మళ్ళీ కలిపాను. మళ్ళీ భోజనం దగ్గర్నుంచి మొదలుపెట్టి, మాట దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పోయింది. ఆ మధ్యాహ్నమంతా అతను నోరు తెరవడం, నేను ఆశగా ముందుకు వంగడం, బొమ్మ ఆగిపోవడం.

సోమవారం నుంచీ నేను యుద్ధం మొదలుపెట్టాను. డ్రైవర్లు కొత్తవి ఎక్కించాను. ఛానెలు మార్చాను. కరెంటు ఆదా చేస్తానని వైర్‌లెస్ కార్డుని నిద్రపుచ్చే సెట్టింగు ఒకటి ఉంటుంది, దాన్ని తీసేశాను. పెట్టె వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కి దానికి పాత జన్మ మరిపించాను. ప్రతి సాయంత్రం నా స్నేహితురాలికి కాల్ చేసి చూసేదాన్ని. అద్దంలా కనిపించేది. టెలిఫోను ఆఫీసు నుంచి వచ్చినాయన కూడా గురువారం నాడు చూసి, "బ్రహ్మాండంగా ఉందండి. దీనికేమైందండి?" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

రెండో ఆదివారం మళ్ళీ అదే కథ. ఈసారి నాన్నమ్మ తీర్పు చెప్పేసింది.

"ఆరు రోజులు పనిచేసి ఏడోరోజు విశ్రాంతి తీసుకుంటోంది. ప్రార్థన చేయించాం కదా, పట్టింది దానికి. ఆ మిషనుకున్న భక్తి నీకు లేదే."

నాకు ఒళ్ళు మండింది. అయితే నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా చదువంతా కలిపినా అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

తర్వాత రెండు రోజులకి అబ్బాయి వాళ్ళమ్మగారు ఫోను చేశారు. మా అమ్మ మాట్లాడింది. అందరం వినాలని స్పీకరు నొక్కింది.

"ఏమీ అనుకోకండి వదినగారూ. మావాడు అసలు విషయం ఎత్తాడంటే చాలు, మీ అమ్మాయి కట్ చేసేస్తోందటండి. ఇష్టం లేకపోతే లేదని చెప్పేయొచ్చండి, అందులో తప్పేముంది?"

"అయ్యో, అది కాదండీ, మా ఇంట్లో నెట్టు సరిగ్గా ఉండట్లేదండి."

"నెట్‌వర్కులు పాఠం చెప్పే అమ్మాయి ఇంట్లో నెట్టు లేకపోవడమేంటండీ?"

ఆవిడ మెత్తగా, మర్యాదగా అసలు మాట చెప్పారు. గణపవరం సంబంధం వాళ్ళు తొందరపెడుతున్నారు. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే వాళ్ళకి మాట ఇచ్చేస్తారు.

ఆ వారమంతా నేను మనిషిని కాదు. గణపవరం బోర్డు పెట్టుకున్న బస్సు కనిపిస్తే పళ్ళు కొరికేదాన్ని. క్లాసులో రేడియో తరంగాలకి అడ్డంకులు ఏమిటో పాఠం చెప్పాను. గోడలు, లోహాలు, నీళ్ళు అని బోర్డు మీద నా చేత్తో నేనే రాసి, నా చేత్తో నేనే తుడిచేసి, బండికి టైమైపోతోందని పరిగెత్తాను.

మూడో ఆదివారం వచ్చింది. పెదనాన్నగారు ఎప్పటికంటే పెద్ద చేపలు తెచ్చారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. అతను కనిపించాడు. ఈసారి భోజనాల ప్రస్తావన లేదు. మొహం సీరియస్‌గా ఉంది.

"ఇవాళైనా ఒక మాట..."

పోయింది. నేను తల పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే నడవలో పెదనాన్నగారు ఎవరో చుట్టానికి చేప ఇవ్వడానికి పొత్రం దించి మూత తీశారు. తీయడం ఆలస్యం, ఒక కొర్రమేను ఇంతెత్తున లేచి నాన్నమ్మ ఒళ్ళో పడింది. నాన్నమ్మ పెట్టిన కేక సంఘమంతా వినే ఉంటుంది. చేప ఒళ్ళోంచి జారి ఎత్తుపీట కిందకి దూరింది. నాన్నగారూ పెదనాన్నగారూ గంగాళం చెరో పక్కా పట్టుకుని ఎత్తి, హాలు మూలకి జరిపారు.

"హలో అండి? ఏంటండీ ఆ కేకలు? ఎవరికైనా దెబ్బ తగిలిందా అండి?"

నా వెనక ల్యాప్‌టాప్‌లోంచి అతని గొంతు, పక్కగదిలో ఉన్నట్టు. తిరిగి చూస్తే సిగ్నలు గీతలన్నీ నిండుగా నిలబడి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు చేప దొరికింది, గంగాళం మళ్ళీ పీట ఎక్కింది, మూత పడింది. గీతలు కూలిపోయాయి. అతను మళ్ళీ బొమ్మైపోయాడు.

నిండు గంగాళం నీళ్ళు. చుట్టూ ఇత్తడి. పైన సత్తు మూత. పెట్టెకీ నాకూ సరిగ్గా మధ్యన.

"పెదనాన్నగారూ! ఆ గంగాళం అక్కణ్ణించి తీసేయండి!"

"ఎక్కడికి తియ్యమంటావమ్మా, ఎండలోకా? చేపలు చచ్చిపోతాయి."

"చావనివ్వండి! ఇక్కడ నా పెళ్ళి చచ్చేలా ఉంది!"

ఆ పెళ్ళి నాకు కావాలని నేను నోరు విప్పి చెప్పడం అదే మొదలు. నాన్నగారు నావైపు చూసి, లుంగీ ఎగ్గట్టి గంగాళానికి ఒక పక్క పట్టుకున్నారు. ఆయన మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నారని వెనకనుంచి చూసినా తెలిసిపోయింది. పెదనాన్నగారు రెండోపక్క పట్టుకుని, "నా చేపలకీ పూనాకీ ఏంటమ్మా సంబంధం" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. గంగాళం ఊరేగింపుగా వెళ్ళి స్నానాలగదిలో దిగింది.

గీతలు నిండాయి. అయితే గంగాళం పోయిన చోటికి మావాళ్ళంతా వచ్చి నిలబడ్డారు, చెవులు మధ్యగదిలోకి చాపి. నాకు అప్పుడు మహా తెలివి వచ్చింది.

"మనిషి ఒంట్లో కూడా నీళ్ళే. అడ్డం తప్పుకోండి, మీవల్ల సిగ్నలు పోతుంది."

ఎంతైనా నేను లెక్చరర్‌ని కదా, నమ్మారు. అమ్మా నాన్నగారూ వీధి వరండాలోకి వెళ్ళిపోయారు. పెదనాన్నగారు చేపలకి తోడు వెళ్ళారు. నాన్నమ్మ మాత్రం గడపలోంచి కదల్లేదు.

"ఎండిపోయినదాన్ని, నాలో నీళ్ళెక్కడివే?"

"నీలోనే ఎక్కువ, నాన్నమ్మా. ఇందాక ఏడ్చావుగా."

"ఏడవలేదు, అరిచాను" అంటూ ఆవిడా వెళ్ళింది. నడవ ఖాళీ అయింది. నేను అతన్ని మళ్ళీ కలిపాను. జుట్టు చెదిరి, చీర కుచ్చిళ్ళ మీద చేపనీళ్ళు చింది, నేను ఎలా ఉన్నానో నాకే తెలియదు. అతను ఎంత స్పష్టంగా కనిపించాడంటే గెడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్న గీత కూడా కనిపించింది.

"ఈసారి ముందే అడిగేస్తానండి, మళ్ళీ పోతుందేమో" అన్నాడు గబగబా. "మీకు నేనంటే ఇష్టమేనా అండి? ఇంట్లోవాళ్ళు చెప్పారని కాకుండా?"

అన్ని రోజులూ తెరిచిన నోట్లో ఆగిపోయింది ఈ మాటేనన్నమాట. నా చెవులు వేడెక్కిపోయాయి. ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని, మెల్లగా, "ఇష్టమేనండి" అన్నాను.

అతను కదల్లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళు ఆర్పడం లేదు. బొమ్మ ఆగిపోయింది. పోయింది, మళ్ళీ పోయింది.

నేను లేచి నిలబడి ల్యాప్‌టాప్ మీద విరుచుకుపడ్డాను.

"ఛీ, పాడు మిషనా! ఒక్క నిమిషం ఆగి చావచ్చు కదా! ఇప్పుడు నేను ఇష్టమని చెప్పింది విన్నాడో లేదో! వెళ్ళి ఆ గణపవరం అమ్మాయిని చేసుకుంటాడు, నేనేమైపోవాలి? ఇతను తప్ప నాకు ఇంకెవరూ వద్దు దేవుడా, ఇతన్ని చూస్తేనే నాకు నవ్వొస్తుంది, ప్రాణం లేచొస్తుంది, ఇతను లేకపోతే..."

తెర మీద బొమ్మ రెప్ప వేసింది.

"నెట్టు పోలేదండి" అన్నాడు అతను, చాలా మెల్లగా. మొహం చెవులదాకా ఎర్రబడిపోయి ఉంది. "నేనే, కదలడం మర్చిపోయానండి."

ఆ కనెక్షను మాత్రం నేనే కట్ చేశాను.