ఎర్రబడి నల్లబడిన రాగి

ఆ రోజుల్లో తెలిసినదంతా ఒక్క పీరియడులోనే చెప్పేయాలన్న ఆబ ఉండేది నాకు. (ఇప్పుడు తెలిసిందీ తగ్గింది, ఆబా తగ్గింది.) పద్మారావు నగర్‌లో ఒక జూనియర్ కాలేజీవాళ్ళు కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టుకు డెమో క్లాసు చెప్పమన్నారు. అప్పటికే రెండు కాలేజీల వాళ్ళు నన్ను పొమ్మన్నారు. మూడోదీ పోతే నాన్నగారికి మొహం చూపించలేను. చిలకలగూడలోని మా అద్దె ఇంట్లో అమ్మ పొద్దుట్నుంచీ మోకాళ్ళ మీదే ఉంది, ప్రార్థనలో.

పాఠం రిడక్షన్. ప్రిన్సిపాల్‌గారు చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నారు. బల్ల మీద గాజు గొట్టంలో నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడి, కింద బర్నర్. గొట్టంలోకి హైడ్రోజన్ పంపిస్తే అది ఆక్సిజన్‌ను లాక్కుపోయి ఎర్రటి రాగి మిగులుతుంది. ఆలోగా ఊరుకోవచ్చుగా? ఉపన్యాసం అందుకున్నాను. "లెక్కల్లో ఎనిమిదింట నాలుగును రెండింట ఒకటిగా రాస్తే రిడక్షన్. హోటల్ వంటవాడు పులుసు మరిగించి చిక్కబరిస్తే రిడక్షన్. ఎముకల డాక్టరు జారిన భుజాన్ని మళ్ళీ కీలులో కూర్చోబెట్టినా రిడక్షనే. అక్కడ తగ్గేది నొప్పి ఒక్కటే!" ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్‌గారు వాచీ చూసుకున్నారు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

పక్కనున్న ముసలి అటెండరు, అందరూ తాతా అని పిలిచేవారు, మెల్లగా అన్నాడు. "సారూ, ఎర్రగైంది. మంట బంద్ జేసినా గ్యాస్ జెర నడవనీయుండ్రి."

"నాకు తెలుసులే తాతా" అన్నాను. ఏమీ తెలీదు. బర్నరూ గ్యాసూ రెండూ కట్టేసి, క్లాసువైపు తిరిగి, "ఇదిగో రాగి!" అన్నాను గొప్పగా. అందరి కళ్ళూ గొట్టం మీదే ఉన్నాయి. నేనూ చూశాను. ఆ ఎరుపు కాస్తా అంచు నుంచి నల్లబడుతూ వస్తోంది.

"ఏమైందయ్యా?" అంటూ ప్రిన్సిపాల్‌గారు లేచారు. చేతులు వణుకుతున్నాయి. ఇక అయిపోయింది, ఇంటికి నడవడమే అనుకున్నాను. అప్పుడు రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, గొట్టం ఇంకా వేడిగనే ఉంది గద. గ్యాస్ బంద్ జేస్తే గాలి లోపలికొచ్చింది. రాగి మళ్ల ఆక్సిజన్ పట్టుకున్నది. సల్లగయ్యేదాంక గ్యాస్ బంద్ చెయ్యొద్దు సార్."

ప్రిన్సిపాల్‌గారు నావైపు తిరిగారు. "మీ ఉపన్యాసం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. మీ తప్పు మాత్రం క్లాసు మొత్తానికీ ఎక్కింది. సోమవారం నుంచి రండి" అన్నారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే తప్పు కావాలనే చేశాను. ఎవరో ఒకరు లేచి కారణం చెప్పేవారు. చెయ్యి మాత్రం మళ్ళీ ఎన్నడూ వణకలేదు. అనుభవమంటే అదీ అని అందరూ మెచ్చుకునేవారు. నిజం చెప్పనా, నాకు ఆ వణికిన కుర్రాడే ఇష్టం.