మొదటి గడిలో ఏం రాయాలి

ప్రిస్కిల్లా మా పక్కింటి అమ్మాయి. ఆరేళ్ళప్పుడు గుంటూరు నుంచి ఐర్లండులోని ములింగార్ వచ్చింది. తల్లి లీలారాణి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. తండ్రి మోజెస్ ఊరి చివరి వృద్ధాశ్రమంలో వంట చేస్తాడు.

2020లో కరోనా వచ్చి బడులు మూసేశాక, ప్రిస్కిల్లా శనాదివారాలు ఆ వృద్ధాశ్రమంలోనే పనికి కుదిరింది. అప్పుడు బయటివాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. కొడుకులూ కూతుళ్ళూ కిటికీ బయట నిలబడి చూసి వెళ్ళేవారు. ముసలివాళ్ళ కుర్చీలను కిటికీ దాకా తోసుకెళ్ళడం, ఫోను వాళ్ళ చెవి దగ్గర పట్టుకోవడం ఈ పిల్ల పని.

ఒకరోజు ఒక పెద్దాయనకు కాళ్ళు వాచాయి. డాక్టరు రాలేదు, వీడియోలోనే చూశాడు. ఫోను పట్టుకున్నది ప్రిస్కిల్లా. డాక్టరు ఆమెను వేలితో నొక్కి చూడమన్నాడు, గుంట పడుతోందా అని. రెండు కాళ్ళూ వాచాయా అని అడిగాడు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా అని అడిగాడు. మూడు ప్రశ్నలతో పాదం దగ్గర నుంచి గుండె దగ్గరికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ప్రిస్కిల్లా గోడ అవతల నిలబడి ఆ మూడు ప్రశ్నలనూ నాకు వరసగా చెప్పింది. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. గుండె బలహీనపడితే కాళ్ళలో నీరెందుకు చేరుతుందో కాగితం మీద గీసి చూపించాను. మా రెండేళ్ళ పాప ఆ కాగితం లాక్కుని చింపేదాకా గోడ పట్టుకుని చూస్తూనే ఉంది. డాక్టరు కావాలని ఆమె మొదట అన్నది ఆ రోజే.

ఐర్లండులో కాలేజీ సీటుకు దేశమంతటికీ ఒకటే దరఖాస్తు. పది గడులుంటాయి. కావలసిన కోర్సులను వరసగా రాయాలి. మరుసటి ఏడాది ఆ వరస పెట్టడానికి సాయం చేసింది నేనే. గత ఐదేళ్ళ కటాఫ్ మార్కులు తీసి పెద్ద పట్టిక వేశాను. మెడిసిన్ వచ్చే అవకాశం తక్కువ, నర్సింగ్ దాదాపు ఖాయం. అందుకని మొదటి గడిలో వాటర్‌ఫోర్డ్ నర్సింగ్ పెట్టించాను, మెడిసిన్ మూడో గడిలో. లీలారాణి అక్క ఊపిరి పీల్చుకుంది. జూమ్‌లో జరిగే మా ప్రార్థన కూటానికి పెద్ద అయిన లాజరస్ అంకుల్ కూడా, "ముందు చేతికందేది పట్టుకోవాలమ్మా, ఆశ తర్వాత" అన్నాడు.

మా కాలంలో కౌన్సెలింగ్ హాల్లో ర్యాంకు పిలిచేవారు. బోర్డు మీద సీట్లు కళ్ళముందే తరిగిపోయేవి. తటపటాయించినవాళ్ళకు ఏమీ మిగిలేది కాదు. నా పట్టిక నిండా ఉన్నది ఆ హాలు భయమేనని అప్పుడు నాకు తెలియలేదు.

వరస మార్చుకోవడానికి జులై ఒకటి ఆఖరు. దానికి నాలుగు రోజుల ముందు మెడిసిన్ ప్రవేశ పరీక్ష మార్కులు వచ్చాయి. బాగానే వచ్చాయి, గొప్పగా కాదు. నేనూ లీలారాణి అక్కా వాళ్ళ పెరట్లో చలికి కోట్లు వేసుకుని కూర్చున్నాం. ప్రిస్కిల్లా రూల్స్ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆంటీ, పేజ్ సిక్స్ చదవండి. వాళ్ళు టాప్ నుంచి కిందికి చూస్తారు. నర్సింగ్ ఫస్ట్ ఉంటే, అది వచ్చేస్తే, దాని కింద ఏముందో చూడనే చూడరు."

"అలా ఎలా ఉంటుందే? కింద ఉన్నవి కూడా మనవే కదా."

"చదవండి. ఐ'ల్ వెయిట్."

రెండుసార్లు చదివాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. మెడిసిన్‌ను మొదట పెడితే పోయేదేమీ లేదు. అది రాకపోతే రెండోది చూస్తారు, రెండోదానికి పోటీలో వెనకబడిపోవడమన్నది లేదు. నేను పెట్టించిన వరసలో మాత్రం, మార్కులు ఎన్ని వచ్చినా మెడిసిన్ సీటు రాదు.

"తప్పు నాదే అక్కా. అంతా తలకిందులుగా పెట్టించాను" అన్నాను.

"ఎమ్మెస్సీ చదివావు, నీకూ తెలీదా?" అంది లీలారాణి అక్క. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "సరే, మెడిసిన్ పైన పెట్టు. నర్సింగ్ కింద పెట్టు. అయిపోయింది."

"కింద బయోమెడికల్ సైన్స్ పెడతా మమ్మీ. గాల్వేలో. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్స్‌కి ఇంకో మెడిసిన్ ఎంట్రీ ఉంది, ఫోర్ ఇయర్స్."

"ఏ డిగ్రీ అయినా చాలంట కదా దానికి. నర్సింగ్ చేసి వెళ్ళు. మధ్యలో ఆగిపోయినా చేతిలో ఉద్యోగం ఉంటది."

ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు నాకు. ప్రిస్కిల్లా గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"ఆ తాతకి కాళ్ళెందుకు వాచాయో నేను తెలుసుకోవాలి మమ్మీ. ల్యాబ్ కావాలి. నర్సింగ్ అయితే జస్ట్ ఇన్ కేస్."

"అంటే మేం ఏం తెలుసుకోకుండానే చేస్తన్నామా?"

"నేను అలా అనలేదు."

"అన్నావు. జస్ట్ ఇన్ కేస్ అంటే స్పేర్ టైరనే కదా." అక్క టీ కప్పు కింద పెట్టింది. మాస్కు అంచు ఒరుసుకుపోయిన చోట ఆమె ముక్కు ఇంకా కమిలే ఉంది. "మా వార్డులో మనుషులు చాలక సెలవు రోజుల్లో కూడా పిలుస్తన్నారు. వదిలేసి పోదామనుకునే మనిషి ఆ సీటు తీసుకోకూడదు. తీసెయ్."

"తీసేస్తే, మూడు మెడిసిన్లూ గాల్వే, ఈ నాలుగూ రాకపోతే?"

"రాకపోతే ఏడాది పోద్ది. మళ్ళీ రాస్తావు. నీకు ఏం కావాలో అదే రాయి. ఇంక నన్నడగమాక."

ఒక్కటైనా ఖాయమైనది ఉంచమని చెప్పబోయి, నా పట్టిక గుర్తొచ్చి ఊరుకున్నాను. ప్రిస్కిల్లా నర్సింగ్‌ను తీసేసింది. మూడు కాలేజీల మెడిసిన్, నాలుగోది గాల్వే బయోమెడికల్ సైన్స్. మిగిలిన గడులు ఖాళీగా వదిలేసి పంపింది.

సెప్టెంబరులో మార్కులు వచ్చాయి. ఆ ఏడాది అందరికీ ఎక్కువే వచ్చాయి, కటాఫ్‌లు కూడా పెరిగాయి. నాలుగు రోజుల తర్వాత సీట్లు ప్రకటిస్తే, మెడిసిన్ కొద్దిలో తప్పిపోయింది. నాలుగో గడి నిలబడింది.

ప్రిస్కిల్లా ఆ మధ్యాహ్నం గదిలోంచి బయటికి రాలేదు. ఒప్పుకుంటున్నట్టు నొక్కడానికి ఇంకా వారం దాకా గడువుంది. నాలుగు గంటలకు కిందికి వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "యాక్సెప్ట్ చేశాను. ఐ'మ్ గ్రాండ్" అంటూ, ఇక్కడి యాసలోనే బాగున్నానని చెప్పి అన్నం పెట్టుకుంది. తింటూనే గాల్వేలో అద్దె గదుల కోసం ఫోన్లు మొదలుపెట్టింది. ఇరవై మూడో ఫోనుకు ఒక ముసలావిడ గది చూసుకోవడానికి రమ్మంది.

లాజరస్ అంకుల్ ఫోను చేస్తే లీలారాణి అక్క స్పీకర్‌లో పెట్టి పాత్రలు తోముతూ మాట్లాడింది.

"డాక్టరు సీటు పోయిందంట కదమ్మా. ఆ నర్సింగైనా ఉంచుకోవాల్సింది."

"పోలేదంకుల్, నాలుగేళ్ళు వెనక్కి జరిగింది. తను అడిగిందే చదవబోతంది. శనివారం డ్యూటీ మార్పించుకున్నా, గది చూడ్డానికి గాల్వే వెళ్తన్నాం. మళ్ళీ చేస్తాను, ఉంటానండి."