హనుమంతమ్మ మంద నిలిచిన చోటు

రాయచెర్లు దాటి పావగడ దారి పట్టిన పది నిమిషాలకు మా షేర్ ఆటో వెనక టైరు బుస్సుమని కూర్చుంది. డ్రైవర్ యోగీశ్ దిగి చూసి, స్టెప్నీ మీద చెయ్యేసి నొక్కి, "దీంట్లో కూడా గాలి లేదు తాతా. రెండూ కట్టుకొని పోయి పని చేయించుకొస్తా, ఈడే కూచోండి" అన్నాడు. ఎదురొచ్చిన బైకు ఒకటి ఆపి, చక్రాలతో సహా ఎక్కి వెళ్ళిపోయాడు. తక్కిన నలుగురూ వెనక నుంచి వచ్చిన టెంపోలో సర్దుకున్నారు. నాకు ఎక్కడికీ వేళకు చేరే అలవాటు లేదు కాబట్టి దిగలేదు. నా ఎదురుగా కూర్చున్న ఆమె కూడా దిగలేదు.

"టెంపోలో చోటుండె కదమ్మా, పోకపోతివే?" అన్నాను.

"నాలుగు గంటలకు గదన్నా నా పని. బిర్న పోతే మాత్రం ఏముండాది ఆడ?"

"ఏం పని?"

"నా ఏరాలు పదిమందిలో నిలబడి తప్పు ఒప్పుకుంటాదంట. చూడాల."

ఆ మాట అన్న తీరులో చూడాలన్న ఉబలాటమేమీ కనిపించలేదు. ఏరాలంటే తోడికోడలు. ఆమె పేరు ముత్తక్క. ఎదుట కూర్చున్నామె హనుమంతమ్మ. అరవైకి రెండు మూడేళ్ళు తక్కువ వయసు, ఎండకు కాగిన సన్నటి ఒళ్ళు, భుజం మీద మగవాళ్ళ తువ్వాలు. ఆ నాలుగు గంటల పని నుంచి తప్పించుకోవడానికే మూడు రోజుల కిందట రాయచెర్లులోని చెల్లెలింటికి పారిపోయి, ఉండబట్టక తిరిగి పోతున్నదని తర్వాత తెలిసింది.

రోడ్డుకు రెండు పక్కలా ఇనుప కంచె. కంచె వెనక కొండ మొదలు దాకా సోలార్ ప్లేట్లు. వాటి కింద ఎకరాలకొద్దీ నీడ పరుచుకుని ఉంది, కంచెకు అవతల. మాకు ఆటో పైకప్పు కింద ఉన్న నీడే దిక్కు. అటు చూపిస్తూ హనుమంతమ్మ అంది: "ఆ మూడో వరస కాడ మా చేను. ఇప్పుడు ప్లేట్లు మేస్తాండాయి."

ఆమె పుట్టిందీ మెట్టిందీ గొర్రెల మందల ఇళ్ళే. భర్త పెద్దతిమ్మప్ప, మరిది తిమ్మన్న. చేలు ప్లేట్ల కిందికి పోయాక మేపుకు చోటు లేక, అన్నదమ్ములిద్దరూ మందలను తోలుకుని పావగడ పట్టణం చివర పక్కపక్కన రెండు రేకుల ఇళ్ళు వేసుకున్నారు. ఇంటికి నలభై గొర్రెలు, ఇద్దరికీ కలిపి ఒకే దొడ్డి. పట్టణానికి అవతలి వైపున్న చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు గడ్డి ఉంటుంది. అందువల్ల రోజూ మంద బజారు వెనక దారిన పోయి రావాలి. ఇలాంటి గొర్రెల ఇళ్ళు ఆ చివర ఇంకో పదిహేను ఉన్నాయి.

పావగడ బజారు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బస్సులు ఒక చోట ఆగుతాయి, షేర్ ఆటోలు ఇంకో చోట, సంత మరో చోట. బస్సు దిగినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని, బైకులకూ తోపుడు బండ్లకూ మధ్య ఒదుక్కుంటూ ఆటో దాకా నడవాలి. శనివారమైతే శనేశ్వరుని దర్శనానికి వచ్చే జనం మరీ ఎక్కువ. నేను దేశంలో చాలా పట్టణాల్లో బస్సుల కోసం నిలబడ్డాను. పట్టణాలను గీసేవాళ్ళు రోడ్డును గీస్తారు, బండిని గీస్తారు, బండి కోసం అరగంట నిలబడే మనిషిని మర్చిపోతారు. వాడు దీపస్తంభం నీడలో పక్కవాటుగా ఇరుక్కుని నిలబడతాడు. పూర్వపు రాజులు బాటల పక్కన చెట్లు నాటించారని శాసనాల్లో చదువుకున్నాం. ఏ చెట్టు ఎక్కడ నాటాలో ఆ రాజుకు చెప్పినవాళ్ళెవరో ఏ శాసనంలోనూ లేదు. ఈ కథంతా ఆ చెప్పినవాళ్ళ గురించే.

బజారులో సదానంద శెట్టి కిరాణా అంగడి ఉంది. ఆయన కూతురు రశ్మి బెంగళూరులో పట్టణాలను తీర్చిదిద్దే చదువు చదివింది. బస్సూ ఆటోలూ నడిచేవాళ్ళూ ఒకే చోట కలుసుకునేలా, అక్కడి నుంచి చెరువు కట్ట దాకా చెట్ల నీడన నడిచిపోయేలా సొంత ఊరికి ఒక ప్లాను గీసే పని ఆమెకు దక్కింది. ఆ కలిసే చోటు ఎక్కడ ఉండాలి? అందరినీ అడుగుతూ, ఒకనాడు దారిలో మందను తోలుకుపోతున్న ముత్తక్కనూ అడిగింది.

"ఏం చెప్పిందంట?" అన్నాను.

"మిట్టమధ్యాన్నం మంద దానంతట అది యాడ నిలస్తాదో ఆడ నిలపమన్నదంట బస్సును. జీవాలకు నీడా గాలీ తెలుస్తాది, మనుషులకు తెలవదు అన్నదంట." హనుమంతమ్మ తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "ఎవరి మాటన్నా అది? నా మాట! అది మంగళవాడలో వేరుశనక్కాయలు వొలుచుకొనే ఇంట్లో నుంచి వచ్చింది. కాపురానికొచ్చిన కొత్తల్లో గొర్రెకూ మేకకూ తేడా తెలవదు దానికి. మంద ముందర నడవాల్నా, ఎనక నడవాల్నా అని నన్నడిగింది. అన్నీ నేనే నేర్పించినా."

రశ్మికి ఆ మాట తెగ నచ్చింది. ముత్తక్క మంద మధ్యాహ్నం ఆగే చోటు, పాత చింతచెట్ల సందు, చూసి వచ్చింది. పెద్ద కాగితం మీద అక్కడ ఆకుపచ్చ సున్నా చుట్టి, పక్కన 'ముత్తక్క చెప్పిన చోటు' అని రాసి, తండ్రి అంగడి ముందు అంటించింది. ఉప్పూ పప్పూ కొనడానికి వచ్చినవాళ్ళందరూ చదివారు. చదవడం రాని హనుమంతమ్మకు నలుగురు చదివి వినిపించారు.

"ఆ పొద్దు నుంచి కూడు దిగలేదన్నా నాకు."

నాకు నవ్వు రాలేదు. నాతో కలిసి తిరిగిన మిత్రుడొకడు నేను రైల్లో చెప్పిన సంగతిని తన పేరుతో పత్రికలో వేయించుకుంటే, పదేళ్ళు అతని ఉత్తరాలకు జవాబివ్వలేదు. రాజ్యాల కోసం కుళ్ళుకున్నవాళ్ళ కథలు చరిత్రలో దండిగా ఉన్నాయి. ఒక్క మాట పోగొట్టుకున్నవాళ్ళ కడుపుమంట వాళ్ళకు తీసిపోదు.

హనుమంతమ్మ చేసిన పని గొర్రెలవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తోచదు. గొర్రెలకు ఉప్పంటే ప్రాణం. దొడ్లో చదును రాళ్ళు పరిచి వాటి మీద కల్లుప్పు చల్లితే, నాకడానికి ఎగబడతాయి. ఆమె దొడ్లో రాళ్ళు నాలుగు తీసుకుపోయి, ఆటోలు ఆగే దగ్గర, పాడుబడిన గోడౌను ముందున్న ఖాళీ మూలలో పడేసింది. రోజూ తెల్లారకముందే పోయి ఉప్పు చల్లి వచ్చేది. పదిహేను రోజుల్లో రెండు మందలూ చింతచెట్లను మర్చిపోయాయి. మధ్యాహ్నమయ్యేసరికి పరుగున పోయి ఆ మూలలో నిలిచేవి.

"అప్పుడు రశ్మిని పిలిచి చూపించినా. ముత్తి చెప్పింది తప్పమ్మా, జీవాలు నిలిచేది ఈడ, నువ్వే చూసుకో అన్నా. పాపం, ఆ పిల్ల అయిదు దినాలు ఎండలో నిలబడి ఎన్ని నిలిచినాయో, ఎంత సేపు నిలిచినాయో రాసుకున్నది."

ఆ రాతల మీద ప్లాను మారింది. కాగితం మీద ముత్తక్క పేరు పోయి హనుమంతమ్మ పేరు వచ్చింది. వానలు పడగానే గోడౌను మూలలో నలభై వేప, కానుగ మొక్కలు నాటి, చుట్టూ వెదురు బుట్టలు కట్టారు. హనుమంతమ్మ ఉప్పు చల్లడం మానేసింది. కానీ ఆ సంగతి గొర్రెలకు ఎవరు చెబుతారు? పది రోజుల కిందట ఆమెకు మోకాళ్ళు పట్టేస్తే, రెండు మందలనూ ముత్తక్కే తోలుకుపోయింది. మధ్యాహ్నం ఎనభై గొర్రెలూ ఆమె చేతిలో నిలవకుండా ఆ మూలకు ఉరికి, రాళ్ళు నాకి, వెదురు బుట్టలు కూలదోసి, నలభై మొక్కలనూ మోడులు చేసి వదిలాయి.

"ముత్తక్కకు తెలిసిందా, ఉప్పు సంగతి?"

హనుమంతమ్మ ప్లేట్ల వైపు తిరిగింది.

"సాయంత్రం ఆ నాలుగు రాళ్ళూ కొంగులో కట్టుకొని తెచ్చి దొడ్లో యాడివి ఆడ పెట్టింది. 'ఇవి మన రాళ్ళు కదక్కా' అన్నది. అంతే. ఇంకొక మాట లేదు. తిట్టింటే నేనూ తిట్టిందును కదా! జుట్టు పట్టుకొనింటే నేనూ పట్టుకొందును!"

అంతలో యోగీశ్ వచ్చాడు. చక్రం బిగిస్తూనే ఊరి కబుర్లు మొదలుపెట్టాడు. వాడికి హనుమంతమ్మ సంగతి తెలియదు.

"పెద్దమ్మా, నువ్వూ ఆడికేనా? జనం దండిగా ఉండారు. ముత్తక్క చోటు తీసేసినారని కడుపుమంటతో మొక్కలు మేపించిందంట. మందల దారికి కంచె వేస్తారంట. ఇంక ఒక్క గొర్రె కూడా చెరువులోకి పోయేది లేదు."

"కడుపుమంటా? దానికా?" హనుమంతమ్మ గొంతు లేచింది. "దానికేం తెలుసురా కడుపుమంట? ఒక్క దినమన్నా నిద్ర మానుకొనిందా అది?"

యోగీశ్ బిత్తరపోయి నా వైపు చూశాడు. "ఏమో పెద్దమ్మా, జనం అంటాండారు. పాపం ఆయమ్మ మాత్రం ఎవరి మీదా చెప్పలేదంట. జీవాలు నావి, తప్పు నాది అన్నదంట. అట్లాంటి మనిషిని చూడలేదని సదానంద శెట్టే అన్నాడు."

ఆటో కదిలాక హనుమంతమ్మ, నాతోనో ఆటోతోనో తెలియదు, "ఆ మంచి పేరు కూడా దానికేనా" అంది.

నాలుగు దాటి పావుగంటకు ఆటో గోడౌను దగ్గర ఆగింది. నేనూ దిగాను. మొండి కొమ్మల చుట్టూ యాభై మంది మూగి ఉన్నారు. ఒక పక్క గొర్రెల ఇళ్ళవాళ్ళు, ఇంకో పక్క అంగళ్ళవాళ్ళు. నడుమ కాగితం చుట్ట పట్టుకుని రశ్మి, పక్కన ఆమె తండ్రి. ఎదురుగా, కొంగు నిండా కప్పుకుని, పొట్టిగా గుండ్రంగా ఉన్న ఆమే ముత్తక్క అయి ఉండాలి.

"నేను మందల దారి ఉండాలనే గీసినానక్కా," రశ్మి అంటున్నది. "కానీ ఇట్లయితే ఎవరూ ఒప్పుకోవడం లేదు. నువ్వే చెప్పు, ఎందుకు తోలినావు?"

"తప్పయిందమ్మా, జీవాలు నావే..."

"నిలుపు ముత్తీ!" హనుమంతమ్మ జనాన్ని నెట్టుకుంటూ లోపలికి పోయింది. "నేను చేసిందాన్ని నువ్వెందుకు ఎత్తుకుంటావు? అది నాది!"

ఆ తర్వాత ఊపిరి పీల్చకుండా చెప్పేసింది. రాళ్ళు, ఉప్పు, పదిహేను తెల్లవారుజాములు. జనం ముందు నమ్మలేదు. సదానంద శెట్టి తల గోక్కుని, "అవునే! ఆ నెలలో నా అంగట్లో ఎనిమిది పాకెట్లు కల్లుప్పు కొనింది. ఊరగాయ పెడతాందేమో అనుకొంటి" అనేసరికి అందరూ గొల్లుమన్నారు.

రశ్మి నవ్వలేదు. "అయిదు రోజులక్కా. నేను గొడుగేసుకొని అయిదు రోజులు లెక్క పెట్టింది ఉప్పునా?"

"ఉప్పునే తల్లీ. జీవాలది తప్పు లేదు. దారికి కంచె వెయ్యొద్దు. ఉప్పురాళ్ళు తీసేసినాక అవి ఈ మూల తొక్కి చూడవు."

"మరి నిజంగా నిలిచే చోటేది?"

ఆ ఒక్క మాట చెప్పడానికి హనుమంతమ్మ ఎంత దూరం తిరిగి వచ్చిందో ఆటోలో కూర్చున్న నాకు తెలుసు.

"చింతచెట్ల సందు," అంది. "ముత్తి చెప్పింది నిజమే. కానీ దానికి చెప్పింది నేను. అది కూడా రాసుకో."

"అవునమ్మా," అంది ముత్తక్క, మెల్లగా. "మా అక్క నేర్పించిందని ఆ పొద్దే చెప్పినా కదా నీకు. నువ్వు రాసుకోలేదు."

రశ్మి చేతిలోని కాగితం చుట్ట విప్పబోయి ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. "చెప్పినావక్కా," అంది చివరికి. "ఇద్దరి పేర్లూ పడితే పొడుగైపోతాదని ఒకటే రాసినా." సదానంద శెట్టి గొంతు సవరించుకుని, కంచె మాట ఇప్పటికి వదిలేద్దాం, చింతచెట్ల దగ్గర మళ్ళీ చూద్దాం అన్నాడు. గొర్రెలవాళ్ళలో కలకలం లేచింది, ఎవరో ఈల వేశారు. రశ్మి కింద కూర్చుని, మోకాలి మీద కాగితం పరుచుకుని రాయడం మొదలుపెట్టింది.

హనుమంతమ్మ ఆ కాగితం వైపు చూడలేదు. ఏరాలి మొహంలోకే చూస్తున్నది. అంతకాలం ఎవరి మీద మండిపడిందో, ఆ మనిషి మొదటి రోజే తన పేరు చెప్పి పెట్టింది. ఇందులోనూ ముత్తక్కే ముందుంది.

"ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగక్కా," అని ముత్తక్క సీసా మూత తీసి చాపింది.

హనుమంతమ్మ తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. నా పక్కనుంచే పోయింది. పోయి వస్తానంటుందేమో అని నేను సగం చెయ్యెత్తాను. ఆమె ఎవరినీ చూడకుండా, ఆగి ఉన్న ఆటోకూ తోపుడు బండికీ మధ్య సందులో ఒదుక్కుని అవతలికి దాటి, మోకాళ్ళు పట్టేసిన మనిషి నడవగలిగినంత వేగంగా దొడ్డి వైపు నడిచిపోయింది.