ముందుమాటకు నంబరు ఉండదండీ

ఆ రోజుల్లో మాదాపూర్‌లో బండరాళ్లు ఎక్కువ, అద్దాల మేడలు తక్కువ. ఉన్న ఒకటీ అరా మేడ ముందు మాత్రం టై కట్టుకున్న నిరుద్యోగులు బారులు తీరి ఉండేవారు. (నా మెడలో టై బావగారిది.) నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. అయితేనేం, కంప్యూటర్ కోర్సు ఏదో ఒకటి చేస్తే ప్రతివాడూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరే అని దేశం తీర్మానించుకున్న కాలం. మదీనాగూడలో అక్కావాళ్లింట్లో తిని కూర్చుంటున్న నన్ను అప్పటికే నాలుగు కంపెనీలు దణ్ణం పెట్టి పంపేశాయి. "చూడు బావమరిదీ, ఇది కూడా పోతే సోమవారం నుంచి జీడిమెట్ల. మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చోటుంది, మాట్లాడేశాను," అన్నారు బావగారు. నాకు బాయిలరంటే హడల్.

కంప్యూటర్ గురించి అడిగితే ఎవరికీ ఏమీ రాదని కంపెనీలకూ తెలుసు. అందుకని పజిళ్లు అడిగేవారు. ముందురోజు వెళ్లొచ్చినవాళ్ల పుణ్యమా అని జవాబులు హాస్టళ్లన్నీ తిరిగి అందరికీ కంఠతా వచ్చేసేవి. ఈ ఐదో కంపెనీలో నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజరుగారు (అచ్చమైన హైదరాబాదీ) "ఒక పుస్తకం పేజీలకు నంబర్లు వేసేతందుకు మొత్తం 642 అంకెలు పట్టినయ్. పేజీలెన్ని?" అన్నారు. లెక్క నాకు వచ్చు. మొదటి తొమ్మిది పేజీలకు తొమ్మిది అంకెలు, తర్వాతి తొంభైకి నూట ఎనభై, మిగిలిన 453 అంకెల్ని మూడేసి చొప్పున పంచితే 151 పేజీలు. మొత్తం 250. ఆ మాట చెప్పి లేచి వచ్చేయాలి. కానీ మా నాన్న తెనాలిలో ప్రెస్సు నడిపేవారు, నా చిన్నతనమంతా ప్రూఫుల మధ్యే గడిచింది. నోరు ఊరుకోలేదు.

"అంకితానికీ, ముందుమాటకీ నంబర్లు వెయ్యరు కదండీ. ఆ పేజీలు కలపాలా, వద్దా?"

"ఏంది తమ్మీ, గా పుస్తకమే లేదు. ఉత్తగ అనుకోమన్న."

"అనుకున్న పుస్తకానికైనా ముందుమాట ఉంటుంది కదండీ. ఎనిమిది పేజీలు వేసుకుంటే 258."

"నా కాగితంల 250 ఉన్నది!"

"అది ముందుమాట లేని పుస్తకమండీ."

ఆయన తల పట్టుకున్నారు. "జర పరేషాన్ చెయ్యకు. పొద్దుగాల్నుంచి అందరు నేను అడుగుడు అయిపోకముందే 250 అన్నరు. నువ్వొక్కనివే లొల్లి పెట్టినవ్," అంటూ ఏదో రాసుకున్నారు. ఇంటికొస్తుంటే బస్సులో దారంతా బాయిలరే కనిపించింది.

ఉద్యోగం వచ్చింది! అక్క వీధంతా లడ్డూలు పంచింది. చేరాక తెలిసింది, నా పని సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే లావుపాటి పుస్తకాల్లో పేజీలు సరిచూడటమని. "కంప్యూటర్‌లో ఏం చేస్తావయ్యా?" అని బావగారు అడిగితే, "పేజీ నంబర్లు వేస్తానండీ," అన్నాను. "దానికి ఇంజనీరింగ్ దేనికి?" అన్నారు. నిజమే, దేనికి?

తర్వాత నేనూ మేనేజర్నయ్యాను, మేడలు మారాను. పైవాళ్లు ఏం చెప్పినా తల ఊపడం నేర్చుకున్నాను. బాయిలర్ నోట్లో తల పెట్టి మరీ, లేని పుస్తకానికి ముందుమాట కావాలని పోట్లాడిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాణ్ణి చూస్తే కాస్త కుళ్లు కూడా.