బియ్యం నిండుకున్నాయని వెతికిందెవరు?

దెయ్యాల్ని నేనెన్నడూ నమ్మలేదు. మా ఉద్యోగంలో ‘గోస్ట్ విజిట్’ అని ఒక మాటుంది. మనిషెవరూ రాకపోయినా వెబ్‌సైట్‌కి ఎవరో వచ్చినట్టు లెక్కలో పడే దొంగ విజిట్ అది. నాకు తెలిసిన దెయ్యాలు అవే. వాటిని వదిలించడానికే కంపెనీ నాకు జీతమిస్తోంది. కాబట్టి ఇది చదివి ఈ స్వాతికి, అంటే నాకు, ఏదో పట్టిందనుకోకండి.

మేముండేది అమెరికాలో, ఫ్రిస్కో అనే ఊళ్లో. రెండిళ్ల అవతల మూర్తి అంకుల్ ఉంటారు. ఆయన భార్య సుశీల ఆంటీ నిరుడు గుండెపోటుతో పోయారు. ఆంటీ ఒక వంటల బ్లాగ్ రాసేవారు. వాళ్లమ్మాయి అంజలి నా స్నేహితురాలు. ఇక్కడే పుట్టి పెరిగింది, ఇప్పుడు ఎక్కడో దూరాన బాతెల్‌లో ఉద్యోగం. నాన్న మనుషుల్లోకి రావడం మానేశారని దాని బెంగ. అమ్మ వంటలు ఇంకా జనం చూస్తున్నారని తెలిస్తే కాస్త తేరుకుంటారేమోనని, బ్లాగ్‌కి వచ్చేవాళ్లను లెక్కపెట్టే ట్రాకింగ్ కోడ్ పెట్టమని నన్నడిగింది.

పెట్టాను. వారమైనా లెక్క సున్నా దగ్గరే ఉంది. తీరా చూస్తే, కోడ్ అతికించేటప్పుడు ఐడీలో ఒక అక్షరం మింగేశాను. రోజూ చేసే పనిలోనే ఇలా చేసినందుకు సిగ్గేసింది. సరిచేశాను. అంకుల్ రోజంతా ఆ బ్లాగ్ ముందే కూర్చుంటారు కాబట్టి, ఆ ఇంటి ఇంటర్నెట్ నుంచి వచ్చే విజిట్లు లెక్కలో పడకుండా ఆపాను. బ్లాగ్‌లో సెర్చ్ బాక్స్ పనిచేయడం లేదు, దాన్నీ తీసేశాను.

ఐసెలిన్ అనే ఊళ్లో ఎవరో గోంగూర పచ్చడి పేజీ చూశారని చెబితే అంకుల్ ముఖం విప్పారింది. నాకెంతో సంతోషమేసింది.

ఆ తర్వాత ఒక శనివారం రిపోర్ట్ తెరిచాను. సెర్చ్ బాక్సే లేదు కాబట్టి, జనం ఏం వెతికారో చూపించే పేజీ ఖాళీగా ఉండాలి. అందులో ఒకే ఒక్క మాట ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన తెలుగు. బియ్యం నిండుకున్నాయి.

మా దొంగ విజిట్లలో ఇదొకటి అనుకున్నాను. వీడియో కాల్‌లో అంజలికి చూపించి నవ్వాను.

“నిండుకున్నాయి అంటే ఫుల్‌గా ఉన్నాయనే కదా? సో, ఎవరికో చాలా రైస్ ఉంది. గుడ్ ఫర్ దెమ్!” అంది.

కాదే తల్లీ, అయిపోయాయని అర్థం అన్నాను. బియ్యం, ఉప్పు, పప్పు లాంటివి ఇంట్లో లేవు అనకూడదని, నిండుకున్నాయి అంటారని చెప్పాను.

“అమ్మ ఎప్పుడూ అదే అనేది. ఐ థాట్, షీ వాజ్ హ్యాపీ అబౌట్ ఇట్,” అంది.

తర్వాతి వారం రిపోర్ట్‌లో ఉప్పు వచ్చింది, ఆ వెనకే కందిపప్పు. అన్నీ నిండుకున్నవే. ఇక నా అనుమానం అంకుల్ మీదికి పోయింది. ఇంటి ఇంటర్నెట్ లెక్కలోకి రాదు కాబట్టి, ఫోన్ డేటాతో ఆయనే ఏదో నొక్కుతున్నారనుకుని, అడుగుదామని మధ్యాహ్నం వెళ్లాను.

అంకుల్ ఇస్త్రీ చొక్కాలో, నున్నగా గడ్డం గీసుకుని ఉన్నారు. కాఫీ ఇవ్వలేకపోతున్నానని నొచ్చుకున్నారు. మంచినీళ్లకి గ్లాసు తీసుకుందామని ప్యాంట్రీ తలుపు తీశాను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటారే, అలా ఉంది. బియ్యం డబ్బా ఖాళీ. ఉప్పు, పప్పు డబ్బాలూ అంతే. అరలో ఒక బిస్కెట్ ప్యాకెట్ ఉంది, అదీ సగం. అప్పుడు గమనించాను, చొక్కా ఆయన ఒంటి మీద వేలాడుతోంది. ఈ మనిషి రోజూ ఫోన్‌లో కూతురికి తిన్నానమ్మా అని చెబుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. రెండిళ్ల అవతల ఉండి కూడా నాకు తెలియలేదు.

షాపుకి ఎందుకు వెళ్లలేదని అడిగాను.

“ఏం నిండుకుందో ఆవిడ చెప్పాలి కదమ్మా,” అన్నారు.

ఫోన్‌లో రిపోర్ట్ తెరిచి ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. మీరే టైప్ చేశారా అంటే తల అడ్డంగా ఊపారు. భయపడలేదు. నలుగురి ముందూ పెళ్లాం చివాట్లు పెట్టినట్టు సిగ్గుపడ్డారు. లేచి బూట్లు వేసుకున్నారు.

“పదమ్మా, ముందు బియ్యం తెద్దాం,” అన్నారు.

ఇప్పుడాయన ఆంటీ బ్లాగ్ చూసి తనే వండుకుంటున్నారు, ఆదివారాలు మా ఇంట్లో తింటారు. ఆ మాటలు మళ్లీ రిపోర్ట్‌లో రాలేదు. బాక్స్ లేకపోయినా పేజీ అడ్రస్ చివర మాట తగిలిస్తే అది సెర్చ్‌గా లెక్కలో పడొచ్చు, అది నాకు తెలుసు. తగిలించిందెవరో తెలియదు. అంజలికైతే ఆ మాటకి అర్థమే తెలియదు. ఎవరైనా అడిగితే టెక్నికల్ ఎర్రర్ అని చెప్పి తప్పించుకుంటాను. ఆయన పస్తులుంటున్న సంగతి ఆ ఎర్రర్‌కి ఎలా తెలిసిందో మాత్రం నేను ఇప్పటికీ చెప్పలేను.