సొర పన్నుకు పోసిన నీళ్లు

కొండ మీద పుట్టినదాన్ని కాబట్టి నేను దయ్యాలను నమ్ముతాననుకుంటారు. అనంతగిరి రోడ్డు మీద నా పూసల దుకాణం ముందు కారు ఆపినవాళ్లలో ఎవరో ఒకరు అదే అడుగుతారు. నేను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ఇది జరిగాక కూడా నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

నా మెడలో ఒక సొరచేప పన్ను ఉంటుంది. లక్షల ఏళ్లు సముద్రం అడుగున పడి ఉండి రాయైపోయింది. అరచేతిలో సగం ఉంటుంది, ముదురు బూడిదరంగు, అంచులు ఇప్పటికీ రంపంలాగే ఉన్నాయి. ఆ సొర పెద్ద పడవంత ఉండేదట. ఇలాంటి పళ్లు తెప్పించి, వెండి తీగ చుట్టి గొలుసులు కట్టి అమ్ముతాను. ఈ పెద్దది మాత్రం నచ్చి నాకే ఉంచుకున్నాను.

మా అమ్మకు అది మొదటి రోజే నచ్చలేదు. నాన్న వేటకు వెళ్లే రోజుల్లో మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తెచ్చిన జంతువు నోట్లో అమ్మ ముందు నీళ్లు పోసేది. ఆ తర్వాతే ఇంట్లో ఎవరైనా నీళ్లు ముట్టాలి. దాన్ని దాహంతో పంపకూడదట.

ఈ పన్నుకు ఎవరూ నీళ్లు పోయలేదని అమ్మ బాధ. సొరలకు బతికినన్నాళ్లూ పళ్లు ఊడుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, ఇది కూడా అలా ఊడిందే అయ్యుంటుంది, దీనికోసం ఎవరూ దాన్ని చంపలేదు అని ఎంత చెప్పినా వినలేదు.

“పళ్లూడిపోతే దాహమెయ్యదేటే?” అంది. ఆవిడ నోట్లో ఒక్క పన్నూ లేదు. నాకు నవ్వొచ్చింది.

మొన్న కాఫీ కోతలప్పుడు అమ్మకు మలేరియా వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మనిషి లేవలేకపోయింది. నీళ్లు బాగా తాగించమని నర్సు గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడే పట్టుబట్టింది అమ్మ. పన్ను తాగాకే తను తాగుతుందట.

పోయేదేముందని పొద్దున్నే పన్ను ఇత్తడి గిన్నెలో పెట్టి, ఊట నీళ్లు నేనే తెచ్చి పోశాను. కళ్లంలో కాఫీ గింజలు తిరగేసి వచ్చేసరికి అమ్మ “రుసి సూడు” అంది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

ఎవరో ఓఆర్ఎస్ పొడి కలిపారనుకున్నాను. నర్సు ఇచ్చిన ప్యాకెట్లు విప్పకుండానే ఉన్నాయి. గిన్నె తోమి, నీళ్లు ముందు నేను తాగి చూసి, మళ్లీ పోసి ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ ఉప్పే. రాయిలో పాత ఉప్పేదో మిగిలి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

“దానికి ఈ నీళ్లు పడవే. దాని నీళ్లు అడుగుతంది. అట్టుకెళ్లి సముద్రంలో ఇడిసి రా” అంది అమ్మ.

మధ్యాహ్నానికి అమ్మ పెదాలు ఎండి పగిలాయి. ఆసుపత్రికి పదమంటే మంచం కోడు పట్టుకుంది. చెంచాతో నీళ్లు పోస్తే ఉమ్మేసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎప్పుడో చచ్చిన చేప మా అమ్మను పట్టుకుపోతానంటే ఊరుకుంటానా? పన్నూ ఇవ్వను, అమ్మనూ ఇవ్వను అనుకున్నాను.

పక్కింట్లో ఉండే వదినను అమ్మ దగ్గర కూర్చోబెట్టి విశాఖ బస్సెక్కాను. బీచ్‌లో మోకాళ్ల లోతు దిగి సీసా నింపాను. గిన్నెలోంచి తీసిన పన్ను నా మెడలోనే ఉంది. కావాలంటే లాక్కోమని సముద్రంతో పైకే అన్నాను. లాక్కోలేదు.

చివరి బస్సుకు తిరిగొచ్చి, అమ్మ చూస్తుండగా గిన్నెలో పన్ను పెట్టి ఆ నీళ్లు పోశాను. అమ్మ కాసేపు చూసి చెయ్యి చాపింది. చెంబెడు ఊట నీళ్లు గటగటా తాగింది. వదిన గోడకు ఆనుకుని ఏడ్చింది.

తెల్లారి గిన్నెలో నీళ్లు పారబోయబోతూ ఎందుకో రుచి చూశాను. మంచినీళ్లు. మా ఊట నీళ్లలాగే తియ్యగా ఉన్నాయి. సీసాలో మిగిలినవి నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం. అమ్మ మంచం దిగలేదు. గిన్నె ముట్టుకోలేదని వదిన పిల్లల మీద ఒట్టేసింది.

దీనికి కారణం నాకు ఇప్పటికీ తెలియదు. రాయిలోంచి నీళ్లలోకి ఉప్పు దిగిందంటే ఒప్పుకుంటాను. మరి సముద్రపు నీళ్లలో ఉప్పు ఎటుపోయింది? అయినా దయ్యమని అనను. పన్ను తీసేదీ లేదు. ఇది రాస్తుంటే మెడలోనే ఉంది, దాన్ని చూసి అమ్మ కళ్లంలోంచి తిడుతూనే ఉంది. ఆ సొర తాగిందో లేదో నాకు తెలియదు. మా అమ్మ తాగింది.